బంధం గట్టిదైనా పదార్థం వాయువుగానే ఎందుకుంటుంది?

కార్బన్ డయాక్సైడ్, సిలికాన్ డయాక్సైడ్ పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆవర్తన పట్టికలో కార్బన్, సిలికాన్ ఒకే నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఫార్ములా కూడా ఒకటే తీరు: ఒక పరమాణువుకి రెండు ఆక్సిజన్లు. అయినా మొదటిది మనం ఊపిరితో వదిలే వాయువు. రెండోది ఇసుకలో మెరిసే క్వార్ట్జ్, 1700 డిగ్రీల దాకా వేడి చేస్తే గానీ కరగని రాయి. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.)

అసలు తిరకాసు ఇంకొకటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న ఒక్కో బంధాన్ని తెంచాలంటే మోల్‌కి (డజను లాగే పరమాణువుల్నీ అణువుల్నీ లెక్కపెట్టే ఒక పెద్ద కొలత) దాదాపు 800 కిలోజౌల్స్ శక్తి కావాలి. క్వార్ట్జ్‌లో సిలికాన్, ఆక్సిజన్ల మధ్య ఒక్కో బంధానికి 450 చాలు. అంటే గట్టి బంధం ఉన్నది వాయువైంది, అందులో సగం బలం ఉన్నది రాయైంది.

"బంధం ఎంత గట్టిదైతే ద్రవీభవన స్థానం అంత ఎక్కువ" అని బట్టీ పట్టినవాళ్లకి ఈ అంకెలు టెన్షన్ పెడతాయి. (ద్రవీభవన స్థానం అంటే పదార్థం కరిగే ఉష్ణోగ్రత.) ఆ వాక్యంలో ఒక ప్రశ్న దాక్కుని ఉంది: ఏ బంధం? వేడి చేసినా, సుత్తితో కొట్టినా, నీళ్లలో వేసినా, కరెంటు పంపినా, ఆ క్షణాన లోపల ఏది తెగుతోంది, ఏది కదులుతోంది అన్నది తేలితే గానీ ఆ గుణానికి కారణం దొరకదు.

ఒకే మాటకి రెండు అంతస్తులు

ముందు మాటలు సరిచూసుకుందాం. కొన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని, విడిగా తిరగగలిగే ఒక గుంపుగా ఏర్పడితే దాన్ని అణువు అంటాం. గుంపు లోపల పరమాణువుల్ని పట్టి ఉంచేది సమయోజనీయ బంధం. ఇక ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య కూడా కొంత ఆకర్షణ ఉంటుంది. ఇది లోపలి బంధం కన్నా ఎన్నో రెట్లు బలహీనం. రెండిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతుంది.

నీటి లెక్క చూడండి. ఒక మోల్ నీళ్లు అంటే సుమారు 18 గ్రాములు. వాటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి 41 కిలోజౌల్స్ పడుతుంది. అవే నీళ్లని విడివిడి హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులుగా చీల్చాలంటే సుమారు 926 కావాలి. మరిగే గిన్నెలోంచి పైకి లేచేవి చెక్కుచెదరని నీటి అణువులే. అణువు లోపలి బంధం ఒక్కటీ తెగలేదు, అణువుకీ అణువుకీ మధ్య పట్టు మాత్రమే వదిలింది.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ దగ్గరికి రండి. కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్లతోనూ గట్టి ద్విబంధాలు (రెండేసి జతల ఎలక్ట్రాన్లు పంచుకునే బంధాలు) వేసుకుంటుంది. దాంతో ముగ్గురి అవసరమూ తీరిపోయి, పక్క అణువుతో పెద్దగా పని ఉండదు. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ మైనస్ 78 డిగ్రీల దగ్గరే నేరుగా వాయువుగా మారుతుంది. అందుకు మోల్‌కి పట్టేది సుమారు 25 కిలోజౌల్స్. ఆ 800 జోలికి ఎవరూ పోలేదు. సిలికాన్ తీరు వేరు. పరిమాణంలో పెద్దదవడంతో ఆక్సిజన్‌తో దాని ద్విబంధం అంత బాగా కుదరదు. నాలుగు ఏకబంధాలే దానికి లాభం. ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ప్రతి ఆక్సిజన్ అటు ఒక సిలికాన్‌కీ ఇటు ఒక సిలికాన్‌కీ వంతెన. ఈ అల్లిక గులకరాయి ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగుతుంది. అందులో "ఒక అణువు" అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. కరిగించాలంటే ఆ 450ల బంధాల్నే తెంచుకుంటూ పోవాలి.

ఇదే సంగతి క్లోరిన్, అయోడిన్ ఉండే హాలోజన్ల కుటుంబంలోనూ కనిపిస్తుంది. క్లోరిన్ అణువులో రెండు పరమాణువుల మధ్య బంధం మోల్‌కి 242 కిలోజౌల్స్, అయోడిన్‌లో 151. కానీ క్లోరిన్ మైనస్ 34 డిగ్రీలకే మరుగుతుంది, అయోడిన్‌కి 184 డిగ్రీలు కావాలి. ఎందుకంటే అయోడిన్ అణువులో 106 ఎలక్ట్రాన్లు, క్లోరిన్ అణువులో 34. ఎలక్ట్రాన్ల మేఘం పెద్దదైన కొద్దీ ఇటూ అటూ ఊగిసలాడటం తేలికవుతుంది. ఒక అణువులో మేఘం క్షణకాలం ఒక పక్కకి ఒరిగితే పక్క అణువులోని మేఘం కూడా దానికి తగ్గట్టు ఒరుగుతుంది, రెండూ ఆకర్షించుకుంటాయి. ఈ ఆకర్షణకి 1930లో క్వాంటం సిద్ధాంతంతో లెక్క కట్టినవాడు ఫ్రిట్జ్ లండన్. ఆయన పేరు మీదే వాటిని లండన్ బలాలు అంటారు. ఏ రెండు అణువుల మధ్యనైనా ఇవి ఉండి తీరుతాయి.

ఉప్పులో అణువు లేదు

సోడియం తన బయటి ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి వదిలేస్తుంది. ఎలక్ట్రాన్ పోయిన సోడియం ధనావేశ అయాన్, అందుకున్న క్లోరిన్ ఋణావేశ అయాన్, దాని పేరు క్లోరైడ్. (ఆవేశం ఉన్న పరమాణువునో, గుంపునో అయాన్ అంటాం.) రెండూ ఆకర్షించుకుంటాయి కాబట్టి అది అయానిక బంధం. పాఠం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది, ఒక సోడియం ఒక క్లోరిన్ చేయి పట్టుకుని నిలబడ్డ బొమ్మతో. ఆ బొమ్మే పక్కదారి పట్టిస్తుంది. విద్యుదావేశపు ఆకర్షణకి ఒక దిక్కంటూ లేదు, చుట్టూ ఎటైనా పని చేస్తుంది. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఫలానా సోడియం ఫలానా క్లోరైడ్‌ది అని చెప్పలేం.

ఈ సంగతి 1913లో విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కొడుకు లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలతో తేల్చారు. అప్పట్లో అందరికీ మింగుడు పడలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త 1927లో కూడా నేచర్ పత్రికకి ఉత్తరం రాసి, అణువే లేని ఈ చదరంగం గళ్ల ఉప్పేమిటని విరుచుకుపడ్డాడు. అంత అనుభవం ఉన్నవాడికే కొరుకుడు పడని విషయం పదో తరగతి పిల్లలకి వెంటనే ఎక్కకపోతే తప్పు పట్టలేం.

ఈ అమరిక తెలిస్తే ఉప్పు గుణాలు చాలావరకు వాటంతటవే బయటికొస్తాయి. కరిగించాలంటే అన్ని వైపులా లాగే ఆకర్షణని సడలించాలి కాబట్టి 801 డిగ్రీలు కావాలి. గట్టి ఉప్పులో అయాన్లు తమ చోట్లలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి కరెంటు పారదు. కరిగిస్తే, లేదా నీళ్లలో కలిపితే, అవే అయాన్లు కదులుతాయి, కరెంటు పారుతుంది. సుత్తితో కొడితే ఒక పొర అర గడి జరిగి ధనావేశం ఎదురుగా ధనావేశం, ఋణావేశం ఎదురుగా ఋణావేశం వచ్చి నిలబడతాయి. అవి వికర్షించుకుని స్ఫటికం నున్నటి ముఖాలతో చీలుతుంది. ఉప్పు పెళుసుదనం అదే.

ఆవేశం పెరిగితే ఏమవుతుందో చూడటానికి సోడియం ఫ్లోరైడ్‌నీ మెగ్నీషియం ఆక్సైడ్‌నీ పక్కపక్కన పెట్టడం మంచి పద్ధతి. అయాన్ల అమరిక రెండిట్లోనూ ఉప్పు లాంటిదే, అయాన్ల మధ్య దూరంలోనూ పెద్ద తేడా లేదు. మొదటిదాంట్లో ఆవేశాలు ఒకటి, ఒకటి. రెండోదాంట్లో రెండు, రెండు. ఆకర్షణ ఆవేశాల లబ్ధాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు నాలుగు రెట్లు కావాలి. ద్రవీభవన స్థానం 990ల నుంచి 2800 డిగ్రీల పైకి పోయింది. కొలిమి లోపలి గోడలకి మెగ్నీషియం ఆక్సైడ్ ఇటుకలు వాడేది అందుకే.

మరి 801 డిగ్రీల మంటకి గానీ లొంగని ఉప్పు చల్లటి నీళ్లలో అంత తేలిగ్గా ఎలా కలిసిపోతుంది? నీటి అణువుకి ఆక్సిజన్ వైపు కొంచెం ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. ఒక మోల్ ఉప్పు జాలకాన్ని, అంటే ఆ అయాన్ల అల్లికని, విడివిడి అయాన్లుగా పీకడానికి 787 కిలోజౌల్స్ కావాలి. ఆ అయాన్ల చుట్టూ నీటి అణువులు మూగితే సుమారు 783 తిరిగి వస్తుంది. పెట్టుబడికీ రాబడికీ తేడా నాలుగు. ఆ కాస్త లోటూ నీటి వేడి నుంచే వస్తుంది కాబట్టి ఉప్పు కలిపిన నీళ్లు కొద్దిగా చల్లబడతాయి. శక్తి లెక్కలో స్వల్ప నష్టం ఉన్నా ఉప్పు కరుగుతోందంటే, అయాన్లు చెల్లాచెదురవడంతో పెరిగే అస్తవ్యస్తత, అంటే ఎంట్రోపీ, ఆ నష్టాన్ని పూడ్చుతోందని అర్థం. కాబట్టి బంధం బలం ఒక్కటే చూసి కరుగుతుందో లేదో చెప్పబోతే దెబ్బ తింటాం.

వజ్రం గట్టిది, కానీ గ్రాఫైట్ బంధం ఇంకా గట్టిది

రెండూ కార్బనే. వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు కార్బన్లతో, నాలుగు దిక్కులా, ఒకే బలంతో కట్టి ఉంటుంది. గ్రాఫైట్‌లో ప్రతి కార్బన్ మూడింటితోనే కట్టి, తేనెపట్టు గళ్లలాంటి పలచటి రేకుగా పరుచుకుంటుంది. నాలుగో ఎలక్ట్రాన్ ఆ రేకంతటికీ ఉమ్మడి ఆస్తి. కార్బన్ల మధ్య దూరం వజ్రంలో 154 పికోమీటర్లు (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లో వంతు), గ్రాఫైట్ రేకులో 142. అంటే రేకులోని బంధం వజ్రంలోని బంధం కన్నా పొట్టిది, గట్టిది కూడా. రేకుకీ రేకుకీ మధ్య మాత్రం 335 పికోమీటర్ల ఖాళీ.

గ్రాఫైట్ మెత్తన అంటే రేకులు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయని అర్థం. పెన్సిల్ గీతలో రేకుల దొంతరలు కాగితానికి అంటుకుంటాయి, కార్బన్-కార్బన్ బంధాలు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి. అదే గ్రాఫైట్‌ని వాయువుగా మార్చాలంటే రేకుల్నే చించాలి. దానికి 3600 డిగ్రీల దాపు వేడి కావాలి. వేలితో రుద్దితే ఊడొచ్చేదీ, అంత వేడిని తట్టుకునేదీ ఒకటే పదార్థం. రెండు పరీక్షలూ రెండు వేరు వేరు బంధాల మీద జరుగుతున్నాయి, అంతే.

ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్ల వల్ల గ్రాఫైట్ రేకు వెంట కరెంటు పారుతుంది. వజ్రంలో ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో బందీలు, కరెంటు పారదు. మరి వేడి? లోహాల్లో వేడిని ఎక్కువగా మోసేవి ఎలక్ట్రాన్లే కాబట్టి వజ్రం వేడికి కూడా అడ్డం తిరుగుతుందనుకుంటాం. కానీ మంచి వజ్రం రాగి కన్నా సుమారు ఐదు రెట్లు బాగా వేడిని మోస్తుంది. కార్బన్ పరమాణువులు తేలిక, బంధాలు బిర్రు. బిగదీసిన తీగలా ఒక చివర కంపిస్తే ఆ కంపనం మరో చివరకి ఇట్టే చేరుతుంది.

గ్రాఫైట్ జారుడు గురించి ఒక పిట్టకథ చెప్పుకోవాలి. రేకుల మధ్య పట్టు బలహీనం కాబట్టి అది జారుతుంది అన్న వివరణ చాలాకాలం సరిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకి ఎగిరేసరికి, వాటి జనరేటర్లలో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందుకునే గ్రాఫైట్ ముక్కలు, అంటే బ్రష్‌లు, చూస్తుండగానే అరిగి పొడైపోయాయి. పైన గాలి పలచన, తేమ దాదాపు లేదు. రేకుల అంచుల్నీ ముఖాల్నీ నీటి ఆవిరి లాంటి అణువులు కప్పి ఉంచితేనే గ్రాఫైట్ హాయిగా జారుతుందని తరవాత తేలింది. పాఠంలో చెప్పే కారణం నిజమే, సగం నిజం.

లోహాల్లో ఉమ్మడి కాపురం

లోహంలో బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకీ సొంతం కావు. ధనావేశ అయాన్ల వరసల మధ్య అంతటా తిరుగుతుంటాయి. వోల్టేజి పెడితే ఒక వైపుకి జరుగుతాయి, అదే కరెంటు. కొడితే పొరలు జరిగినా, ఎలక్ట్రాన్లు కూడా సర్దుకుని మళ్లీ పట్టి ఉంచుతాయి. ఉప్పులో జరిగినట్టు సమాన ఆవేశాలు ఎదురుపడే ప్రమాదం లేదు. కాబట్టి లోహం రేకుగా సాగుతుంది, తీగగా సాగుతుంది.

ఒక్కో పరమాణువు ఎక్కువ ఎలక్ట్రాన్లు ఇస్తే బంధం ఇంకా గట్టిపడాలి కదా? సోడియం ఒకటి, మెగ్నీషియం రెండు, అల్యూమినియం మూడు ఇస్తాయి. ద్రవీభవన స్థానాలు 98, 650, 660. మొదటి అడుగు బాగానే పడింది, రెండోది ఆగిపోయింది. చాలా పుస్తకాలు ఆ పది డిగ్రీల తేడాని చూసీ చూడనట్టు దాటేస్తాయి. మరుగు స్థానాలు చూస్తే కథ మళ్లీ దారిలో పడుతుంది: సుమారు 883, 1090, 2500. కరిగిన లోహంలో కూడా పరమాణువులు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, లోహ బంధం చాలావరకు మిగిలే ఉంటుంది. కరగడంలో చెదిరేది ప్రధానంగా వరస. బంధం మొత్తం వదిలేది మరిగినప్పుడు. గాలియం దీనికి విపరీతమైన ఉదాహరణ. అరచేతి వేడికే కరిగే ఈ లోహం 2200 డిగ్రీలు దాటితే గానీ మరగదు.

నీరు ఎందుకు నీరయింది

అణువుల మధ్య బలాల్లో పెద్దపీట హైడ్రోజన్ బంధానిది. హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్, నైట్రోజన్, ఫ్లోరిన్ లాంటి ఎలక్ట్రాన్ల ఆశపోతుకి కట్టి ఉంటే, దాని ఒక్కగానొక్క ఎలక్ట్రాన్ కూడా చాలావరకు అటు లాగేసుకోబడి, అది పక్క అణువులోని ఆక్సిజన్ లాంటి వాటి వైపు ఒరుగుతుంది. పేరులో బంధం ఉన్నా, నీటిలో దీని బలం మోల్‌కి 20 కిలోజౌల్స్ దాపునే ఉంటుంది.

ఆ ఇరవయ్యే ఎంత తేడా తెస్తుందో చూడండి. ఆక్సిజన్ కుటుంబంలో హైడ్రోజన్‌తో ఏర్పడే సమ్మేళనాల మరుగు స్థానాలు: టెల్యూరియంతో మైనస్ 2, సెలీనియంతో మైనస్ 41, సల్ఫర్‌తో మైనస్ 60. ఈ మెట్లు దిగుతూ పోతే నీరు మైనస్ 80 ప్రాంతంలో మరగాలి. మరిగేది 100 దగ్గర. ఇథనాల్, డైమిథైల్ ఈథర్‌లలో పరమాణువుల సంఖ్య అచ్చంగా ఒకటే, బరువూ ఒకటే. ఇథనాల్‌లో హైడ్రోజన్ ఆక్సిజన్‌కి కట్టి ఉంది, ఈథర్‌లో లేదు. మొదటిది 78 డిగ్రీలకి, రెండోది మైనస్ 24కి మరుగుతాయి.

మంచు నీటి మీద తేలడానికీ ఇదే కారణం. మంచులో ప్రతి అణువూ నాలుగు అణువులతో, నిర్ణీత దిక్కుల్లో హైడ్రోజన్ బంధాలు వేసుకుంటుంది. ఆ దిక్కులు కుదరడానికి మధ్యలో ఖాళీలు వదలాలి. నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది.

ఇక్కడ లెక్క తప్పుతుంది

ఇంతవరకు చెప్పిన బొమ్మ బాగా పనికొస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని అన్నీ చెప్పేయగలం అనుకుంటే పెంటేన్ చాలు బుద్ధి చెప్పడానికి. మామూలు పెంటేన్ పొడుగ్గా ఉండే అణువు. నియోపెంటేన్‌లోనూ అవే పరమాణువులు, ఆకారం మాత్రం బంతి. బంతులు ఒకదాన్నొకటి తాకే చోటు తక్కువ, లండన్ బలాలు తక్కువ, కాబట్టి నియోపెంటేన్ 9.5 డిగ్రీలకే మరుగుతుంది, మామూలు పెంటేన్ 36కి. భేష్. ద్రవీభవన స్థానాలు చూడండి: మామూలు పెంటేన్ మైనస్ 130, నియోపెంటేన్ మైనస్ 17 దాపు. తలకిందులైంది! బంతులు స్ఫటికంలో చక్కగా పేరుకుంటాయి, అక్కడే ఉండి గిర్రున తిరగగలవు కూడా. గట్టి స్థితిలోనే అంత స్వేచ్ఛ ఉంటే, కరగడం వల్ల కొత్తగా వచ్చే లాభం తక్కువ. ద్రవీభవనం అంటే బంధం బలంతో పాటు పేర్పు కథ కూడా.

అయానిక పదార్థాలన్నీ గట్టివే అన్న మాటకీ ఎదురు సాక్ష్యం ఉంది. పాల్ వాల్డెన్ 1914లో వివరించిన ఇథైల్ అమోనియం నైట్రేట్ పూర్తిగా అయాన్లతోనే తయారైంది, కానీ సుమారు 12 డిగ్రీలకే కరుగుతుంది. దాని ధన అయాన్ పెద్దది, వంకర టింకర ఆకారంది. అయాన్లు దగ్గరగా పేరుకోలేవు.

లోహాల బలం విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. బంధాల లెక్కతో ఒక శుద్ధ లోహ స్ఫటికాన్ని వంచడానికి ఎంత బలం కావాలో అంచనా వేస్తే, నిజంగా అవసరమయ్యేది అందులో వెయ్యో వంతు కన్నా తక్కువ కూడా కావచ్చు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ఎవరికి వారే కారణం చెప్పారు: స్ఫటికంలో వరస తప్పిన చోట్లు ఉంటాయి, పొర మొత్తం ఒకేసారి జరగదు, గొంగళిపురుగు మూపురంలా ఆ లోపం ఒక్కో అడుగు ముందుకి పాకుతుంది. ఇనుములో కొంచెం కార్బన్ కలిపితే ఉక్కు గట్టిపడటంలో పెద్ద పాత్ర ఆ పాకుడుకి అడ్డుపడటానిదే.

నాలుగు గదులా, ఒకే మైదానమా?

అయానిక, సమయోజనీయ, లోహ, అణువుల మధ్య బలాలు: ఈ నాలుగు గదులు ప్రకృతిలో ఉన్నాయా, మన సౌకర్యం కోసం కట్టుకున్నామా? లైనస్ పౌలింగ్ 1932లో ఎలక్ట్రాన్ల కోసం పరమాణువుల ఆశని కొలిచే ఋణవిద్యుదాత్మకత స్కేలు ఇచ్చాడు. తేడా 1.7 దాటితే అయానిక బంధం అని పుస్తకాల్లో ఒక గీత ఉంటుంది. ఆ గీత ప్రకారం హైడ్రోజన్ ఫ్లోరైడ్ (తేడా 1.78) అయానికం కావాలి. నిజానికి అది 20 డిగ్రీల లోపే మరిగే, విడివిడి అణువుల పదార్థం. సిల్వర్ క్లోరైడ్‌ది ఉప్పు లాంటి అమరికే అయినా నీళ్లలో దాదాపు కరగదు, పెళుసుగా పగలకుండా రేకుగా సాగుతుంది.

అందుకే కొందరు గదులకి బదులు ఒక త్రిభుజం గీస్తారు. మూలల్లో అయానిక, సమయోజనీయ, లోహ బంధాలు, పదార్థాలు చాలావరకు మధ్యలో ఎక్కడో ఒకచోట. లోహ బంధం వేరే రకమే కాదు, ఎంతోమంది పంచుకున్న సమయోజనీయ బంధమే అనే వాదమూ ఉంది. పౌలింగ్ కూడా దాన్ని అటువైపు నుంచే చూశాడు. రెండో పక్షం జవాబు కూడా తీసిపారేసేది కాదు: దిక్కు లేకపోవడం, ఎలక్ట్రాన్లు అంతటా పరుచుకోవడం వల్ల వచ్చే గుణాలు అంత భిన్నంగా ఉన్నప్పుడు వేరే పేరు ఉండటమే మేలంటుంది. నాకైతే బడిలో గదులు, కాలేజీలో త్రిభుజం సరైన వరస అనిపిస్తుంది. గదులు నేర్పి త్రిభుజం సంగతి దాచిపెట్టడమే చిక్కు.

ఇవన్నీ తెలిసినా పాదరసం మిగిలిపోతుంది. మైనస్ 39 డిగ్రీల దగ్గరే కరిగే ఈ లోహాన్ని బయటి ఎలక్ట్రాన్ల లెక్కతో చెప్పబోతే జింక్, కాడ్మియంల మాదిరిగా గట్టిగానే ఉండాలి. వాటికీ బయట రెండేసి ఎలక్ట్రాన్లే. పాదరసం కేంద్రకంలో ప్రోటాన్లు 80. అంత ఆవేశం దగ్గర ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంతో పోల్చదగినంత పెరిగి, ఐన్‌స్టీన్ సాపేక్షత లెక్కలోకి వస్తుంది. ఫలితంగా బయటి రెండు ఎలక్ట్రాన్లూ లోపలికి ముడుచుకుని, ఉమ్మడి ఆస్తిలో కలవడానికి ఇష్టపడవు. ఆ ప్రభావాన్ని తీసేసి లెక్క వేస్తే ద్రవీభవన స్థానం వంద డిగ్రీలకి పైగా పెరుగుతుందని, అంటే పాదరసం గది ఉష్ణోగ్రతలో గట్టి లోహంగానే ఉంటుందని 2013లో వచ్చిన కంప్యూటర్ లెక్కలు చూపించాయి.